ఈల జేబులోనే ఉంది

ఎల్ ఆల్తోలో మా బడి ఆవరణ
పడమటికి ఒరిగి ఉంటుంది.
మేస్త్రీ తాగి కట్టాడని కొందరు,
సిమెంటు చాల్లేదని కొందరు.
బంతిని వదిలేస్తే చాలు, ఎవరూ తన్నకపోయినా
దొర్లుకుంటూ పోయి మరుగుదొడ్ల గోడకు కొట్టుకుంటుంది.
పదిహేనేళ్ళుగా దాన్ని లోపమనే రాస్తున్నాను
మరమ్మతు కోరే ప్రతి అర్జీలో.

నాకు ఆటలు నేర్పినవాళ్ళు ఈలతో నేర్పారు.
ఒక ఊదుకి వరస, రెండు ఊదులకి పరుగు,
మూడో ఊదు ఎందుకో ఇప్పటికీ తెలీదు,
తెలీకుండానే ఆగిపోయేదాన్ని.
తర్వాత నేనూ అదే ఊదాను చాలా ఏళ్ళు.
పిల్లలు చక్కగా తిరిగేవారు
దారి తప్పకుండా,
ఎక్కడికీ చేరకుండా.

ఇవాళ మంగళవారం. ఆరో తరగతి. ఇరవై తొమ్మిది మంది.
నేల మీద పెట్టినవి నాలుగు మినీబస్సు టైర్లు,
మా అక్క సంతలో మూటలు కట్టే తాడు,
గాలి సగమే ఉన్న ఒక బంతి.
ఇంత ఎత్తులో గాలి దేనిలోనూ నిండుగా ఉండదు,
మా రొమ్ముల్లోనూ అంతే.
అడిగింది ఒక్కటే:
"అందరి చెయ్యీ తగిలాకే బంతి ఆ గోడను చేరాలి. ఎలా?"
అని, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను.
నేను నేర్చిన కసరత్తులన్నిటిలోకీ
కష్టమైనది ఇదే.

మొదట అరుపులు. తర్వాత ఇంకా పెద్ద అరుపులు.
జైదా తనే కెప్టెన్ అంది, ఎవరూ వినలేదు.
ఇద్దరు టైరెక్కి కూర్చుని అలిగారు.
బంతి మూడుసార్లు గోడకు కొట్టుకుంది.
నాలుక చివర జవాబు దురద పెట్టింది నాకు:
గుండ్రంగా నిలబడండర్రా, అంతే కదా!
మింగేశాను.
కాసేపటికి వాళ్ళే గుండ్రంగా నిలబడ్డారు.
అది పనిచెయ్యలేదు.

అప్పుడు ఎదెల్మీరా ఒక నియమం పెట్టింది:
ఎలిసెయో దగ్గరికి బంతి వచ్చినప్పుడు
అందరూ కదలకుండా ఆగిపోవాలి.
వాడి ఎడమకాలికి ఇనుప పట్టీ ఉంది.
దయగల నియమం. మనసులో
దానికి మార్కులు కూడా వేసేశాను.

"వద్దు," అన్నాడు వాడు.
"మీరంతా ఆగిపోతే నేను ఆడుతున్నట్టు కాదు,
మీరు చూస్తున్నట్టు."

గాలి తప్ప ఎవరూ మాట్లాడలేదు.
పైన తీగల మీద వెండిరంగు పెట్టెలు
మనుషుల్ని మోసుకుని లోయలోకి దిగుతున్నాయి.
వాడు వాటికేసి చూసి, నేలకేసి చూసి,
కుంటుకుంటూ ఎగువ అంచుకు పోయి
బంతిని వదిలాడు.
"ఇదెటు పోతుందో నాకు తెలుసు.
మీరు పరిగెడుతుంటే రోజూ కూర్చుని చూసేది దీన్నే.
ఇక్కడ గుంట. ఇక్కడ మలుపు.
ఈ పగులు దగ్గర నీరసపడుతుంది, తర్వాత మళ్ళీ ఊపందుకుంటుంది."

నా పాదాల కింద పదిహేనేళ్ళున్న నేల
నాకు తెలియని నేల.

సుద్దముక్కతో ఎవరో గీత గీశారు.
కాదు, ఇంకొంచెం ఎడమకి, అన్నారు ఎవరో.
మలుపుల్లో టైర్లు పెట్టారు, తీశారు, మళ్ళీ పెట్టారు.
తాడుతో ఏం చెయ్యాలో తోచక
అలిగినవాళ్ళకిచ్చారు.
బంతి దారి పొడుగునా బారులు తీరారు
ఈల లేకుండా, వంకరగా,
ఒక్కొక్కరి ఒళ్ళు ఒక్కో వాలుకి వంగి.
బంతి కదిలింది. చెయ్యి, చెయ్యి, చెయ్యి,
చలికి పగిలిన చెయ్యి, తొడుగున్న చెయ్యి,
ఎలిసెయో చెయ్యి, జైదా బూటు...
గోడ.

తనిఖీ కాగితంలో ఒక గడి ఉంటుంది:
"నేడు నేర్పిన నైపుణ్యం."
నేర్పాను అనే మాట ముందు
కలం చాలాసేపు ఆగింది.
ఎవరు, ఎవరికి, అని కూడా ఉంటే బాగుండేది.

గంట కొట్టినా వాళ్ళు కదల్లేదు.
"ప్రొఫే, బూటు లెక్కలోకి వస్తుందా?"
తెలీదన్నాను. నిజంగానే తెలీదు.
రేపు తేల్చుకోండి.
"రేపు మాకు లెక్కల క్లాసుంది."
అయితే అక్కడే తేల్చుకోండి,
అన్నాను.